సముద్ర మార్గాల కథలో మనం చెప్పని సగం

ఎనిమిదో కీర్తన మీద ప్రసంగించని దైవసేవకుడు బహుశా ఉండడు. ఎనిమిదో వచనంలో సముద్ర మార్గాల ప్రస్తావన రాగానే మా నోట ఒక కథ తప్పకుండా వస్తుంది. మాథ్యూ ఫాంటేన్ మోరీ అనే అమెరికా నౌకాదళ అధికారి జబ్బుపడి మంచం మీద ఉన్నాడట. కొడుకు ఈ కీర్తన చదివి వినిపించాడట. సముద్రంలో మార్గాలున్నాయని దేవుడే చెప్పాడు గనుక వాటిని కనిపెట్టి తీరతానని ఆయన లేచాడట. ఈ కథ చెప్పినప్పుడల్లా సభలో ఆమేన్‌లు మోగుతాయి.

మంచం సంగతి అలా ఉంచుదాం. మోరీ ఎన్నో ఓడల దినచర్య పుస్తకాలను సేకరించి గాలుల, ప్రవాహాల పటాలు తయారు చేయించిన మాట వాస్తవం. 1855లో అచ్చయిన తన సముద్ర భూగోళ గ్రంథంలో లేఖనాలను గౌరవంగా ప్రస్తావించిన మాట కూడా వాస్తవమే. అయితే అదే గ్రంథంలో ఆయన మరో వాదన చేశాడు. ఉత్తర ధ్రువం చుట్టూ మంచు లేని సముద్రం ఉండి ఉంటుందన్నాడు. అట్లాంటిక్ నుంచి వెచ్చని ఉప్పునీరు అడుగు ప్రవాహంగా వెళ్లి అక్కడ పైకి తేలుతుందని ఆయన నమ్మకం. ఈ భాగాన్ని మేము పుల్పిట్ నుంచి ఎన్నడూ చెప్పలేదు.

ఆ నమ్మకం మోరీ ఒక్కడిది కాదు. జర్మనీకి చెందిన పటాల నిపుణుడు ఆగస్ట్ పీటర్మన్ వంటివారు కూడా దాన్ని సమర్థించారు. దాన్ని నమ్మే 1879 జూలైలో జెన్నెట్ అనే ఓడ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరింది. అందులో 33 మంది ఉన్నారు. సెప్టెంబరుకల్లా మంచులో ఇరుక్కుపోయింది. దాదాపు రెండేళ్లు మంచుతోపాటు కొట్టుకుపోయి, 1881 జూన్‌లో నలిగి మునిగిపోయింది. సైబీరియాలోని లేనా నది ముఖద్వారంలో, సముద్రంలో కలిపి 20 మంది చనిపోయారు. నాయకుడు డీలాంగ్ ఆకలితో చచ్చిపోతూ కూడా ఆదివారం ఆరాధన క్రమం చదివినట్టు తన డైరీలో రాసుకున్నాడు. భక్తికి లోటు లేదు. తప్పు లెక్కలో ఉంది.

1884లో ఆ ఓడ శకలాలు గ్రీన్‌లాండ్ తీరంలో దొరికాయి. సైబీరియా దగ్గర మునిగిన ఓడ తాలూకు చెక్కలు అంత దూరం ఎలా వచ్చాయని నార్వే యువకుడు ఫ్రిట్యాఫ్ నాన్సెన్ ఆలోచించాడు. మంచే మోసుకొచ్చి ఉండాలి. అందుకని మంచు నొక్కినా నలగకుండా పైకి లేచేలా ఫ్రామ్ అనే ఓడ కట్టించి, 1893లో కావాలనే దాన్ని మంచులో బిగించాడు. 1896 వరకు ఆ ఓడ అలాగే తేలుతూ సాగింది. ఆ రోజుల్లో వాళ్లు మంచుకు రంధ్రాలు చేసి, నీటిలోకి థర్మామీటర్లు దింపి కొలతలు తీశారు. పైనీరు సున్నా కంటే తక్కువ, గడ్డకట్టే చలి. కానీ సుమారు 200 మీటర్ల లోతు దాటగానే సున్నా కంటే ఎక్కువ వేడి గల నీరు తగిలింది! అది అట్లాంటిక్ నుంచి వచ్చిన నీరు. మోరీ చెప్పిన వెచ్చని నీరు నిజంగానే ఉంది. అయితే పైకి తేలలేదు.

ఎందుకు తేలలేదు? వేడి నీరు తేలికగదా అని ఎవరైనా అడుగుతారు. ధ్రువ సముద్రంలో నీటి బరువును తేల్చేది ప్రధానంగా ఉప్పు. ఓబ్, యెనిసెయ్, లేనా వంటి మహానదులు అక్కడ మంచినీటిని కుమ్మరిస్తాయి. ప్రపంచ సముద్రజలంలో ఆర్కిటిక్ వాటా నూటికి ఒక వంతే గాని, ప్రపంచ నదుల నీటిలో నూటికి పది వంతులకు పైగా అందులోకే చేరుతుంది. అందుచేత ఉప్పు తగ్గిన చల్లని నీరు పాల మీద మీగడలా పైన నిలిచింది. కిలో నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పున్న అట్లాంటిక్ నీరు వెచ్చనిదైనా బరువుతో కిందే ఉండిపోయింది. అంటే మంచును కరిగించగల వేడి ఆ మంచు కిందే దాగి ఉంది. మధ్యలో ఉన్నది ఉప్పులోని చిన్న తేడా మాత్రమే.

యోబు గ్రంథం 38వ అధ్యాయంలో దేవుడు సముద్రానికి తలుపులు, గడియలు పెట్టిన సంగతి చెబుతాడు. అదే అధ్యాయంలో మంచు ఎవరి గర్భాన పుట్టిందని, అగాధం మీద నీరు ఎలా గట్టిపడిందని యోబును అడుగుతాడు. నాన్సెన్ చూసినది ఈ లేఖనానికి రుజువు అని మేము అనడం లేదు. అలా ముడిపెట్టే అలవాటే మమ్మల్ని మోరీ కథలో సగం దగ్గర ఆపేసింది. ఇంత సున్నితమైన కాపుదలను చూసినవాడు ముందు నోరు మూసుకోవాలి, యోబు మూసుకున్నట్టు.

ఇప్పుడు ఆ మూత సడలుతోంది. రష్యా శాస్త్రజ్ఞులు బారెంట్స్ సముద్రంలో కోలా రేఖ అనే దారిలో 1900 నుంచి ఉష్ణోగ్రతలు కొలుస్తున్నారు. ఇటీవలి దశాబ్దాల్లో అక్కడి నీరు స్పష్టంగా వేడెక్కింది. సైబీరియాకు ఉత్తరాన, నాన్సెన్ తేలిన ప్రాంతంలోనే, నీటిలో లంగరు వేసిన పరికరాలు పదిహేనేళ్ల లెక్క ఇచ్చాయి. సుమారు 150 మీటర్ల లోతున మొదలయ్యే ఆ వెచ్చని పొర 2017-18 శీతకాలంలో 80 మీటర్ల దగ్గరకే వచ్చేసింది. అడుగు నుంచి పైకి చేరే వేడి 2007-08 శీతకాలంలో చదరపు మీటరుకు మూడు నాలుగు వాట్లు. 2016-18 శీతకాలాల్లో పది వాట్లు దాటింది. ఇదివరకు అడుగు నుంచి మంచుకు చేరే వేడి తక్కువగా ఉండేది. ఇప్పుడు అది బాగా పెరిగింది. 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గింది. ఉపగ్రహ లెక్కలు మొదలైన 1979లో అదే నెలలో అది 70 లక్షలకు దగ్గరగా ఉండేది.

అన్ని చోట్లా మార్పు ఒకే దిక్కుగా లేదు. కెనడా వైపున్న బోఫర్ట్ సముద్రంలో ఇందుకు భిన్నంగా మంచినీరు పోగుపడి ఉప్పు తగ్గింది. శాస్త్రజ్ఞులు ఈ సంగతినీ దాచకుండా రాశారు. సామెతలు పదకొండో అధ్యాయంలో యెహోవాకు ఇష్టమైన సరైన తూనిక గురించి చదివినప్పుడు మాకు కిరాణా కొట్టు గుర్తుకొస్తుంది. మైనస్ చలిలో ఒక డిగ్రీలో వందో వంతు కూడా తేడా రాకుండా కొలిచి, తన ఊహకు వ్యతిరేకంగా వచ్చిన అంకెను కూడా అచ్చువేసేవాడు మాత్రం గుర్తుకు రాడు.

మోరీకి ఆమేన్ చెప్పిన మనం ఈ కొలతల దగ్గర మౌనంగా ఉంటాం. పైగా జవాబులు సిద్ధం చేసుకున్నాం. విత్తే కాలం, కోసే కాలం, చలి, వేడిమి ఆగవని జలప్రళయం తర్వాత దేవుడు మాట ఇచ్చాడు కదా అంటాం. ఇచ్చాడు. కానీ మనం బొగ్గు, పెట్రోలు ఎంత తగలబెట్టినా చలీ వేడీ ఉన్నచోటనే ఉంటాయని ఇవ్వలేదు. పైరు మీద దీవెన ఉంది గదా అని గింజలు చల్లని రైతును ఏ కాపరీ మెచ్చుకోడు. మరికొందరు ఇవి అంత్యదినాల సూచనలు, చేసేదేమీ లేదు అంటారు. రాకడకై కనిపెట్టే దాసుడు ఇల్లు తగలబడుతుంటే చూస్తూ కూర్చోవాలని యజమాని ఎక్కడ చెప్పాడు? ఇదంతా నాస్తికుల మాట అని కొట్టిపారేసేవారూ ఉన్నారు. వాతావరణ మార్పుపై అంతర్జాతీయ సంఘం ఇచ్చిన మొదటి మూడు నివేదికల శాస్త్ర విభాగానికి సంపాదకత్వం వహించిన వేల్స్ శాస్త్రజ్ఞుడు సర్ జాన్ హౌటన్, 2020లో ప్రభువునందు నిద్రించిన సువార్త విశ్వాసి.

ఎనిమిదో కీర్తనలో ఆ వచనం ఒంటరిగా లేదు. దేవుడు తన చేతిపనుల మీద మనిషికి అధికారం ఇచ్చాడని ఆరో వచనంలో మొదలైన మాటకు అది తోక. సముద్ర మార్గాల్లో తిరిగే ప్రాణులన్నీ మన చేతికి అప్పగించినవాటి జాబితాలో ఉన్నాయి. మేము సెమినరీలో ఇది చదువుకున్నాం, పరీక్షలో రాశాం కూడా. అయినా ఆ వచనాన్ని శాస్త్రానికి ముందే తెలిసిన రహస్యంగా చూపడం మాకు సులువైంది. అప్పగింతగా చూపితే లెక్క అడుగుతారు.

ధ్రువం మనకు దూరమనుకోవడానికీ వీల్లేదు. స్వాల్‌బార్డ్ దీవుల్లో మన దేశానికి 2008 నుంచి హిమాద్రి అనే కేంద్రం ఉంది. దాని పక్కనున్న కాంగ్స్‌ఫియార్డ్ అనే ఇరుకు సముద్రంలో 2014 జూలైలో మనవాళ్లు ఇండార్క్ అనే పరికరాల వరుసను దింపారు. 192 మీటర్ల లోతున, నీటి వేడినీ ఉప్పునీ కొలవడానికి. ఇలాంటి పనుల్లో ఉన్న మన బిడ్డల కోసం ఏ సంఘమైనా ప్రార్థన చేసినట్టు మేము వినలేదు, మా సంఘంతో సహా.

ఎనిమిదో కీర్తన వంతు మాకు మళ్లీ వస్తుంది. మోరీ కథ మానం. ఈసారి జెన్నెట్‌ను, ఫ్రామ్‌ను, 80 మీటర్ల లెక్కనూ కలిపి చెబుతాం. ప్రసంగం పావుగంట పెరుగుతుంది. ఆమేన్‌లు కొంచెం తగ్గుతాయేమో.