వర్గమూలం మీది గీత

సిద్దిపేటలో టెన్త్ లెక్కల పేపరు కంపోజ్ చేసే డీటీపీ ఆపరేటర్‌కి తెలుగు వాక్యాలు నల్లేరు మీద నడక. చిక్కంతా వర్గ సమీకరణ సూత్రం దగ్గరే: వర్గమూలం పైగీత లోపలి పదాలన్నిటినీ కప్పాలి, కింద 2ఏ సరిగ్గా నడుమ కూర్చోవాలి. పేజ్‌మేకర్‌లో అదంతా చేతిపనే.

వర్డ్‌లో మౌస్‌తో అయిపోతుంది. అయితే పాత ఈక్వేషన్ ఎడిటర్‌ను భద్రతా లోపం వల్ల మైక్రోసాఫ్ట్ 2018లో తీసేసింది. దాంతో కట్టిన సూత్రాలు కనిపిస్తాయి గానీ, కొత్త రూపంలోకి మార్చుకోనిదే దిద్దలేం.

తన పుస్తకం అచ్చు నచ్చక కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1977లో మొదలుపెట్టిన కంపోజింగ్ ప్రోగ్రామ్ టెక్, దానిపై లెస్లీ లాంపోర్ట్ కట్టిన లేటెక్ గీత పొడవును తామే లెక్కగడతాయి. యూనికోడ్ తెలుగుకు టెక్ రూపాంతరమైన జీటెక్ (XeTeX) ఉంది. నేర్చుకోవడానికే ఓపిక కావాలి (గిరాకీ గుమ్మంలో నిలబడితే ఓపికెక్కడిది!). రేపటి స్లిప్ టెస్టుకు వర్డ్ చాలు; ఏటేటా దిద్దే లావుపాటి గైడుకు మాత్రం నా ఓటు లేటెక్‌కే.