రేడియోకు వార్తలెందుకు వద్దు?

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని వినోనా చిన్న పట్నం. 1996లో అక్కడో ఫర్నిచర్ దుకాణంలో నలుగురిని కాల్చి చంపారు. ఆ కేసులో కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి యువకుణ్ని ఒకే ప్రాసిక్యూటర్ ఆరుసార్లు బోనెక్కించాడు. నాలుగుసార్లు మరణశిక్ష పడింది.

2017లో అమెరికన్ పబ్లిక్ మీడియా అనే రేడియో సంస్థ విలేకరులు అక్కడికే మకాం మార్చారు. దాదాపు ఏడాది పాటు గడప గడపా తిరిగారు. కోర్టుల్లో మూలనపడ్డ కాగితాలు లక్ష పేజీలకు పైగా స్కాన్ చేసుకున్నారు. ఆ ప్రాసిక్యూటర్ ఆఫీసు నడిపిన 26 ఏళ్ల విచారణల్లో జ్యూరీ ఎంపిక ఎలా జరిగిందో ఒక్కొక్క పేరూ చూసి లెక్కతీశారు. ఆ ఆఫీసు తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు నాలుగున్నర రెట్లు ఎక్కువగా నల్లవాళ్లను జ్యూరీలోంచి తప్పించిందని తేలింది.

ఇక సాక్షి సంగతి. ఫ్లవర్స్ జైల్లో తన దగ్గర నేరం ఒప్పుకున్నాడని కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన ఖైదీ, అదంతా అబద్ధమని జైలు నుంచే విలేకరికి ఫోన్లో చెప్పాడు. 2018లో ఆ విలేకరుల ‘ఇన్ ద డార్క్’ కార్యక్రమంలో శ్రోతలు ఆ మాట అతని నోటనే విన్నారు. అదే మాట పత్రికలో వస్తే వక్రీకరించారని కొట్టిపారేయొచ్చు. సొంత గొంతును ఎలా కాదంటాడు? రేడియో బలమంతా అక్కడుంది.

2019లో ఫ్లవర్స్ శిక్షను అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు ఘనత ఏళ్ల తరబడి పోరాడిన న్యాయవాదులది. కానీ 2020 సెప్టెంబర్‌లో కేసు ఎత్తేయమని కోర్టును కోరినప్పుడు, రాష్ట్ర అటార్నీ జనరల్ చూపిన కారణాల్లో ఆ సాక్షి మాట మార్చడం ఒకటి.

ఇలాంటి పనికి డబ్బుకన్నా ముందు ఓర్పు కావాలి. నెలల తరబడి ఒక్క కథనమూ ఇవ్వని బృందానికి జీతాలిస్తూ పోవాలి. బీబీసీ ‘ఫైల్ ఆన్ ఫోర్’ అనే పరిశోధక రేడియో కార్యక్రమాన్ని 1977లో మొదలుపెట్టి దశాబ్దాలుగా నిలబెట్టుకుంది. ‘ఇన్ ద డార్క్’ను దాని సంస్థే 2022లో వదులుకుంది, మరుసటి ఏడాది న్యూయార్కర్ పత్రిక చేరదీసింది. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలే వెనక్కి తగ్గితే ఎలా?

మన దగ్గర చిక్కు ఇంకా ముందే ఉంది. ప్రైవేటు ఎఫ్ఎంలు ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వినిపించాలే తప్ప సొంత వార్తలు చెప్పకూడదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియోకూ ఇదే ఆంక్ష. ఊళ్లో రేషన్ ఎక్కడ పక్కదారి పట్టిందో వాళ్లకన్నా ఎవరికి తెలుస్తుంది? టీవీ చానళ్లకు లేని సంకెల రేడియోకెందుకు? గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఎఫ్ఎంలో గంటకు పది నిమిషాల వార్తలకు అనుమతివ్వమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సిఫారసు చేసింది. కేంద్రం ఆ సిఫారసును అమలుచేయాలి, సామాజిక రేడియోలకూ అదే హక్కు ఇవ్వాలి. జిల్లాల్లో విలేకరులున్న ఆకాశవాణి, ఈలోగా కనీసం ఒక్క పరిశోధక బృందాన్నైనా ఏర్పాటు చేయాలి.