కానుకగా రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ ఇవ్వొచ్చా?

ఇంటర్ పాసై ఇంజనీరింగ్‌లో చేరే పిల్లలకు ల్యాప్‌టాప్ కొనిపెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీ అయింది. కానుక అనగానే సీలు విప్పని డబ్బానే ఉండాలనుకుంటాం. చేతిలో పాతిక వేలే ఉంటే మాత్రం నా ఓటు రీఫర్బిష్డ్‌కే.

ఆ ధరలో వచ్చే కొత్తవాటిలో చాలావరకు ప్రాసెసర్ బలహీనం, ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి మార్చేసే బిజినెస్ ల్యాప్‌టాప్‌లు గట్టివి; చాలా మోడళ్లలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ పెంచుకోవచ్చు. పైగా ల్యాప్‌టాప్ వల్ల వెలువడే కర్బన ఉద్గారాల్లో ఎక్కువ భాగం తయారీలోనివే.

అసలు చిక్కు బ్యాటరీతో. లిథియం అయాన్ బ్యాటరీని ఛార్జ్ చేస్తున్నకొద్దీ ఆనోడ్ మీది పొర మందమై, కొంత లిథియం అందులో చిక్కుకుపోతుంది. వాడకుండా పక్కన పెట్టినా ఈ క్షీణత ఆగదు. 300 నుంచి 500 ఛార్జింగ్ చక్రాలకు సామర్థ్యం 80 శాతం దగ్గరికి దిగడం మామూలే. విండోస్ బ్యాటరీ రిపోర్టులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పక్కపక్కనే కనిపిస్తాయి. రెండోది మరీ తగ్గి ఉంటే కొత్త బ్యాటరీ వేసి ఇమ్మనండి.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 8వ తరం నుంచే పనికొస్తుంది. అంతకన్నా పాతది ఎంత చవకైనా వద్దు. లైనక్స్ వాడతారంటే వేరే సంగతి.

రీఫర్బిష్డ్ అని ముందే చెప్పి ఇవ్వండి. బిల్లు, వారంటీ కాగితం కూడా పిల్లల చేతికే ఇవ్వాలి, రేపు దుకాణానికి వెళ్లాల్సింది వాళ్లే.