స్లాబు కింద చెక్క సంగతి మనకెందుకంటారా?

ఇల్లు కట్టేటప్పుడు ఆడవాళ్ళని అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వంటగట్టు ఎంత ఎత్తు, దేవుడి గూడు ఏ మూల, బాత్రూం టైల్స్ ఏ రంగు. సెంట్రింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "అది మేస్త్రీ చూసుకుంటాడులే" అనేస్తారు. నన్నడిగితే మనం గట్టిగా నోరు విప్పాల్సింది అక్కడే. టైల్ నచ్చకపోతే ఎప్పుడైనా పీకించి మార్చుకోవచ్చు. స్లాబుని మార్చుకోలేం కదా!

అయిదంగుళాల స్లాబు చదరపు అడుక్కి దాదాపు 30 కిలోల బరువు తూగుతుంది. 12 అడుగులు, 14 అడుగుల గదికి లెక్కేయండి, 5 టన్నులు. గట్టిపడేదాకా ఆ బరువంతా మోసేది కింద పరిచిన పలకలూ వాటి కింది జాకీలే. దాని మీదే ఇనుము కట్టేవాళ్ళు నడుస్తారు, వైబ్రేటర్ తిరుగుతుంది. తట్టలు నెత్తిన పెట్టుకుని నడిచేది ఎక్కువగా ఆడకూలీలే. పుచ్చిపోయిన పలక మీద కాలు వేస్తే పడేది మేస్త్రీ కాదు, ఆ అమ్మాయి. మనకెందుకు అనేవాళ్ళకి నా మొదటి జవాబు ఇది.

ఇక ప్లైవుడ్ సంగతి. కొట్లో "వాటర్‌ప్రూఫ్ అమ్మా" అని అన్నిటికీ ఒకటే మాట చెబుతారు. అసలు తేడా పొరల్ని అతికించిన జిగురులో ఉంటుంది. ఎం.ఆర్. గ్రేడు, అంటే కమర్షియల్ ప్లై, బీరువాలకీ అలమరలకీ సరిపోతుంది. దాని జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. పచ్చి కాంక్రీటు తడి తగిలితే పలక ఉబ్బి పొరలు విడిపోతాయి. బి.డబ్ల్యు.ఆర్., మెరైన్ రకాలకి ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు, అది మరిగే నీళ్ళకి కూడా తట్టుకుంటుంది. మెరైన్ ప్లైకి 72 గంటలు ఉడకబెట్టే పరీక్ష ఉంది. మన కందిపప్పు కూడా అంతసేపు పరీక్ష రాయదు!

అయితే ఖరీదైనది కదా అని మెరైన్ ప్లై తెచ్చి స్లాబు కింద పరవడం కూడా డబ్బు దండగే. జిగురు మంచిదే, కానీ పైన పూత ఉండదు. సిమెంటు పాలు దాన్ని అంటిపెట్టుకుని, విప్పిన ప్రతిసారీ పై పొర కొంచెం కొంచెం ఊడొస్తుంది. కాంక్రీటు కోసమే చేసిన షట్టరింగ్ ప్లై వేరే ఉంది, దాని ఐ.ఎస్. నంబరు 4990. పలక మీద ఆ ముద్ర ఉందో లేదో చూడండి. అందులో ఫిల్మ్ ఫేస్డ్ అనేదానికి రెండు వైపులా నల్లగానో ముదురు గోధుమరంగులోనో నున్నటి పూత ఉంటుంది. 8 అడుగులు, 4 అడుగులు, 12 మిల్లీమీటర్ల పలక కొట్లో 28 కిలోలనీ, 30 కిలోలనీ, 32 కిలోలనీ బరువుతో పలుకుతుంది. బరువు తగ్గిందంటే లోపల తేలిక కలపో, ఖాళీలో ఉన్నాయని అనుమానించాలి. వేలి కణుపుతో కొట్టి చూడండి, కొబ్బరికాయ చూసినట్టే. బోలు చప్పుడొస్తే వద్దనండి. ఇంకా నమ్మకం కుదరకపోతే చిన్న ముక్క అడిగి తెచ్చి పాత గిన్నెలో కొన్ని గంటలు మరిగించండి. అది లేబొరేటరీ పరీక్ష కాదు కానీ, ఎం.ఆర్. పలకని షట్టరింగ్ ప్లై అని అంటగడుతుంటే అక్కడే పొరలు విడిపోయి బయటపడుతుంది.

మరి ఒక్క ఇంటికి ఇవన్నీ కొత్తవి కొనాలా? అక్కర్లేదు. ఆ పలకలు మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళకే గిట్టుబాటు. ప్లాస్టరింగ్ ఎలాగూ చేయిస్తాం అనుకుంటే, వంకరపోని ఇనప రేకులు అద్దెకి తెచ్చి వేసినా స్లాబుకి చాలు. సీలింగు ప్లాస్టరింగ్ లేకుండా నున్నగా రావాలంటేనే ఫిల్మ్ ఫేస్డ్ పట్టుబట్టండి. పెద్ద పలకలు కాబట్టి అతుకులు తక్కువ, సిమెంటు పాలు కారిపోవడమూ తక్కువ. అద్దెకే తీసుకోండి, కానీ పరిచేముందు ఒక్కో పలకా చూడండి. అంచులు ఉబ్బాయా, మూలలు పగిలాయా, కోసిన చోట రంగు వేశారా? నీళ్ళు ముందు లోపలికి వెళ్ళేది కోసిన అంచు నుంచే.

మా ఆడపడుచు వాళ్ళింట్లో కాంట్రాక్టరు ఎన్ని ఇళ్ళు తిరిగొచ్చిన పలకలో తెచ్చి వేశాడు. విప్పి చూస్తే సీలింగంతా అలలు, కొన్నిచోట్ల కంకర తేలి తేనెపట్టులా ఉంది. ఏం ఫరవాలేదని అంగుళం మందాన ప్లాస్టరింగ్ మెత్తేశాడు. రెండో వానాకాలం పడగ్గదిలో పెచ్చు ఊడిపడింది. పిల్లలు బడికెళ్ళిన వేళ కాబట్టి సరిపోయింది. పలకల్లో మిగిలింది ఎంతో తెలీదు గానీ, పెచ్చులు కొట్టించి మళ్ళీ పూయించిన ఖర్చు మాత్రం వాళ్ళదే.

మంచి పలకైనా వేసే పద్ధతి చెడితే అంతే. పై పొర నార కింది రన్నర్లకి అడ్డంగా పడాలి, సమాంతరంగా వేస్తే అదే పలక ఎక్కువ వంగుతుంది. పలకలకి రాయడానికి షట్టరింగ్ ఆయిల్ దొరుకుతుంది. మెకానిక్ షెడ్డు నుంచి కాలిన ఇంజినాయిల్ తెస్తామంటే వద్దనండి. సీలింగుకి మరకలవుతాయి, ప్లాస్టరింగ్ సరిగ్గా పట్టదు.

ఇక విప్పే తొందర. పలకలు ఇంకో ఇంటికి వెళ్ళాలని వాళ్ళకి తొందర ఉంటుంది, అందులో తప్పు లేదు, అది వాళ్ళ జీవనం. కానీ ఐ.ఎస్. 456 ప్రకారం పలకలు 3 రోజులకి తీసినా జాకీలు వెంటనే మళ్ళీ బిగించాలి. గది నాలుగున్నర మీటర్ల లోపయితే జాకీలు 7 రోజులు, దాటితే 14 రోజులు ఉండాలి. దూలాలకి 6 మీటర్ల దాకా 14 రోజులు, పైన 21. ఇది ఓ.పి.సి. సిమెంటు లెక్క, పి.పి.సి. అయితే ఇంకా ఆగాలి. కాంక్రీటు వేసిన తేదీ వంటింటి క్యాలెండర్ మీద, పాలవాడి లెక్క పక్కనే రాసి పెట్టుకోండి.

అన్నట్టు, పని అయ్యాక మిగిలిన ముక్కలతో వంటింట్లో అరలు చేయిద్దామంటారు. నేనైతే ఒప్పుకోను. నూనె, సిమెంటు పీల్చిన చెక్క మీద పప్పుల డబ్బాలు పెట్టబుద్ధి కాదు. సంపు మీద మూతకో, పెరట్లో కట్టెల మీద కప్పడానికో బాగా పనికొస్తాయి.