పోయిన రైలు తిరిగి రావడానికి 64 ఏళ్లు

కాలువకు నీళ్లు రాకపోతే లాకుల దగ్గరికి పోయి అడుగుతాం. ధాన్యం ధర తగ్గితే రోడ్డెక్కుతాం. ఊళ్లో రైలు ఆగడం మానేస్తే మాత్రం 'ఆటోలున్నాయిలే' అని సరిపెట్టుకుంటాం. ఈ సర్దుబాటు ఎంత ఖరీదైనదో పక్క డెల్టాలోని కోటిపల్లి లైను చరిత్ర చెబుతుంది.

కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గోదావరి ఒడ్డున ఉన్న కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది. సుమారు 45 కిలోమీటర్ల దారి. మనలాగే వరి పండించే ఊళ్లవి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక 1940లో ఇంగ్లీషు ప్రభుత్వం యుద్ధ అవసరాలకని ఆ పట్టాలు పీకించింది. దారి పొడవునా స్టేషన్లన్నీ మూతపడ్డాయి.

యుద్ధం ముగిసింది. 1947లో స్వాతంత్ర్యమూ వచ్చింది. పట్టాలు మాత్రం రాలేదు. అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి పట్టుబట్టాక గాని పని కదల్లేదు. 2002 మార్చి 3న మన కైకలూరు దగ్గర జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన చనిపోయారు. 2004లో కోటిపల్లికి మళ్లీ రైలు చేరిన రోజు చూడడానికి ఆయన లేరు.

64 ఏళ్లంటే రెండు తరాల పైమాట. ఈలోగా సరుకు లారీలకు, జనం బస్సులకు అలవాటుపడ్డారు. తిరిగి వచ్చిన లైను మీద ఏళ్ల తరబడి నడిచింది ఒక్క రైలుబస్సు. ఒక్క బండిని నమ్ముకుని కూలికీ చదువుకూ ఎవరు వెళ్తారు? 2020లో కోవిడ్‌తో అదీ ఆగింది.

ఇక మన సంగతి. బెజవాడ నుంచి బందరుకు 1908లో రైలు వచ్చింది. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి లైను పడింది. ఉప్పలూరు, తరిగొప్పుల, ఇందుపల్లి, మన పెదపారుపూడి మండలంలోని వెంట్రప్రగడ, ఇవన్నీ బెజవాడ-గుడివాడ దారిలోని పల్లె స్టేషన్లే. ఇటీవల నిడదవోలు, నర్సాపురం, బందరు వరకు 221 కిలోమీటర్ల మేర రెండో లైను వేసి, కరెంటు తీగలు లాగారు. బందరు పోర్టు పనులూ సాగుతున్నాయి. కాబట్టి ఇక్కడ పట్టాలు పీకుతారన్న భయం లేదు. రైళ్లు పెరిగి, వేగం పెరిగి, పల్లెల్లో ఆగకుండా పోతాయేమోనన్నదే మన భయం. ఆగని రైలు వల్ల రైతుకు మిగిలేది గేటు దగ్గర ఎదురుచూపే.

చిన్న స్టేషను ఒక్కరోజులో పోదు. ముందు సరుకు దించడం ఆగుతుంది. తర్వాత సిబ్బంది తగ్గుతారు. ఆపైన బండి వేళలు పనికిరాకుండా మారతాయి. ఎక్కేవాళ్లు తగ్గాక 'ఆదాయం లేదు' అంటారు. కోవిడ్ తర్వాత దేశమంతటా ప్యాసింజరు కనీస ఛార్జీ 10 రూపాయల నుంచి 30కి పోయింది. 2024లో గాని మళ్లీ 10కి దిగలేదు. అన్నాళ్లు కూలీలు రైలు మానుకుంటే తప్పు వాళ్లదా?

వరంగల్ జిల్లా నెక్కొండలో ఎక్స్‌ప్రెస్ ఆగడం పోకూడదని జనం చందాలు వేసుకుని టికెట్లు కొన్నారు. వాళ్ల ఐక్యతకు జోహార్లు. కానీ ప్రజల డబ్బుతో నడిచే రైల్వే, బండి ఆపడానికి ప్రజల చేత చందాలు వేయించడం న్యాయం కాదు.

స్టేషను విలువను టికెట్ల కట్టతోనే కొలవకూడదు. ఊడ్పులకు, కోతలకు వెళ్లే ఆడకూలీలు, గుడివాడ కాలేజీలకు వెళ్లే పిల్లలు, విజయవాడ ఆసుపత్రులకు వెళ్లే ముసలివాళ్లు కూడా ఆ లెక్కలోకి రావాలి.

మా సంఘం కోరేది మూడు. పొద్దున కూలి వేళకు, సాయంత్రం ఇల్లు చేరే వేళకు ప్రతి పల్లె స్టేషనులో ప్యాసింజరు ఆగాలి. ఏ స్టేషనులోనైనా బండి ఆపడం మానేసే ముందు ఆ ఊరి గ్రామసభను అడగాలి. ప్లాట్‌ఫారం, నీళ్లు, దీపం ఉండాలి.

మనం చేయాల్సిందీ ఉంది. ఒక్క స్టేషను దూరమైనా టికెట్ కొనే ఎక్కుదాం. ప్రతి పంచాయతీలో తీర్మానం చేసి విజయవాడ డివిజనల్ రైల్వే మేనేజరుకు పంపుదాం. కోటిపల్లి వాళ్లకు యుద్ధకాలంలో అడిగే వీలు లేకపోయింది. మనకుంది.