అట్టమీది రెండవ పేరు

1920లో అమెరికాలో, సినిమా కథలు వ్రాయడమెలాగో ఔత్సాహికులకు బోధించే గ్రంథమొకటి వెలువడింది. దాని పేరు ‘హౌ టు రైట్ ఫొటోప్లేస్’. రచయితలిద్దరూ భార్యాభర్తలు. అట్టమీద మొదటి పేరు భర్తది, జాన్ ఎమర్సన్. రెండవ పేరు అనీటా లూస్. ఆ విద్యలో అప్పటికే చేయి తిరిగినది ఆ రెండవ పేరు గల మనిషి.

1888లో కాలిఫోర్నియాలో జన్మించిన అనీటా వ్రాసిన ‘ది న్యూయార్క్ హ్యాట్’ను 1912లో గ్రిఫిత్ చిత్రంగా తీశాడు. నాయిక మేరీ పిక్‌ఫర్డ్. కథకు ముట్టిన ప్రతిఫలం 25 డాలర్లు. మూకీ చిత్రాలలో దృశ్యాల మధ్య కనిపించే వాక్యాలను చమత్కారంతో నింపి ప్రేక్షకులను నవ్వించిన ఘనత కూడా ఆమెదే. డగ్లస్ ఫేర్‌బ్యాంక్స్ చిత్రాలకు ఆమె వ్రాస్తూ ఉండగా దర్శకుడుగా ఎమర్సన్ పరిచయమయ్యాడు. 1919లో వివాహం జరిగింది.

ఎమర్సన్ భార్యను వ్రాయవద్దనలేదు. తెల్లవారకముందే లేచి వ్రాసేది ఆమె. పూర్తయిన ప్రతిమీద తన పేరు కూడా ఉండాలనేది ఆయన. డబ్బు లెక్కలూ ఆయన చేతిలోనే. పైగా వారానికొక సాయంత్రం, మంగళవారం, తనకు స్వేచ్ఛ కావాలని షరతు పెట్టాడు. అనీటా ఆ సాయంత్రాలను స్నేహితురాళ్లతో గడుపుతూ, తమ బృందానికి ‘మంగళవారపు వితంతువులు’ అని పేరు పెట్టుకున్నది. ఆ నవ్వు వెనుక ఏమున్నదో ఊహించడం కష్టం కాదు.

అసలు పరీక్ష 1925లో వచ్చింది. ‘జెంటిల్‌మెన్ ప్రిఫర్ బ్లాండ్స్’ అనే హాస్య నవలను ఆమె ఒంటరిగా వ్రాసింది. దాని ప్రచురణను ఎమర్సన్ మొదట అడ్డగించబోయి, చివరకు అంకితం పుచ్చుకొని శాంతించాడు. పుస్తకం దేశదేశాల అమ్ముడుపోయింది. భార్య సంపాదనకు అడ్డురాని అభిమానం, భార్య కీర్తికి అడ్డు వచ్చింది. ఆయనకు గొంతు పోయింది! ఆమె రచన మానితే తప్ప ఆ జబ్బు కుదరదని ఒక మానసిక వైద్యుడు తేల్చాడు. రోగం ఒకరిది, పథ్యం మరొకరిది. ఆశ్చర్యమేమంటే అనీటా అందుకూ సిద్ధపడి, మరొక్క పుస్తకం వ్రాసి విరమించుకోవాలని నిశ్చయించుకున్నది.

ఆ నిశ్చయం నిలవలేదు. 1929లో షేర్ల మార్కెట్ కూలింది. చేతిలో డబ్బు కరిగింది. 1931లో ఎం.జి.ఎం. సంస్థనుంచి ఇర్వింగ్ థాల్‌బర్గ్ పిలుపు రాగానే ఆమె హాలీవుడ్ చేరింది. స్కాట్ ఫిట్జెరాల్డ్ అంతటివాడు వ్రాసి మెప్పించలేని ‘రెడ్-హెడెడ్ వుమన్’ను తిరిగి వ్రాసే పని ఆమెకు అప్పగించారు. 1932లో చిత్రం విడుదలైనప్పుడు స్క్రీన్‌ప్లే కింద ఉన్నది ఒక్క అనీటా లూస్ పేరే. ఎమర్సన్‌కూ ఆ స్టూడియోలోనే కొలువు దొరికింది. 1936 నాటి ‘శాన్ ఫ్రాన్సిస్కో’ నిర్మాతలలో ఆయనొకడు.

మరుసటి సంవత్సరం ఎమర్సన్‌కు తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నదని వైద్యులు నిర్ధారించగా, ఆయనను చికిత్సాలయంలో చేర్చవలసి వచ్చింది. అనీటా జీతానికి వ్రాస్తూనే ఉన్నది. 1939లో ‘ది వుమెన్’ వచ్చింది. విడిపోవడానికి కారణాలు కావలసినన్ని ఉన్నా, 1956లో ఎమర్సన్ మరణించేవరకు ఆమె విడాకులు తీసుకోలేదు. ఇది విధేయతా, జాలియా, అలవాటా? 1981లో కన్నుమూసేలోగా ఆమె ఒకటికి మించి స్వీయచరిత్రలు వ్రాసింది. వాటిలో భర్త ప్రస్తావన వచ్చినచోట ఆమె వాడిన మాట ‘మిస్టర్ ఇ.’