మైక్రోవేవ్ తగిలితే అడ్డు మాయం!

అంబర్‌పేట వంటింట్లో చల్లారిన ఇడ్లీని వేడిచేసే మైక్రోవేవ్ కుటుంబానిదే ఈ వింత. గడ్డకట్టే చలిలో అవి కరెంటుకి అడ్డే లేకుండా చేస్తాయి!

రమేశ్ మణి బృందం గాలియం ఆర్సెనైడ్ పొరల నడుమ ఎలక్ట్రాన్లను పల్చటి రేకులా పరిచింది. అవి అటూఇటూ పరుగెత్తగలవు, పైకీ కిందికీ కదల్లేవు. మైనస్ 270 డిగ్రీలకన్నా చల్లబరిచి, అయస్కాంత క్షేత్రంలో ఉంచి, ఓవెన్‌లోవాటికన్నా ఎన్నో రెట్లు చురుగ్గా కంపించే మైక్రోవేవ్‌లు పంపింది. తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుందని బళ్లో చదువుకున్నదే. ఇక్కడ మాత్రం అయస్కాంత బలం మారుస్తుంటే నిరోధం పైకీ కిందికీ ఊగి, కొన్నిచోట్ల దాదాపు సున్నా అయింది. ఈ ఫలితం 2002 డిసెంబరులో ‘నేచర్’లో వచ్చింది.

లెక్క ప్రకారమైతే సున్నాకన్నా కిందికే పోవాలట! అలాంటి స్థితి నిలవదు కాబట్టి కరెంటు పాయలుగా చీలి సున్నా దగ్గర ఆగుతుందని 2003లో ఆండ్రీవ్, అలీనర్, మిల్లిస్ వివరించారు. మరి అసలు ఆ ఊగిసలాట ఎందుకు? దానిమీద మాత్రం ఒకటికి రెండు సిద్ధాంతాలున్నాయి.